పులిహోర కిట్‌కు పౌచ్ డిజైన్: తడి పొడికి తగలకుండా ఆరు నెలలు నిలపడం ఎలా

ఖమ్మం నుంచి ఒక అక్క ఫోన్ చేశారు. "తమ్ముడూ, ఒక్క ప్యాకెట్టు కూడా కారలేదు. అన్నీ తెరిచి చేత్తో తడిమి చూశా, ఎక్కడా జిడ్డు లేదు. మరి పల్లీలు ఎందుకు మెత్తబడ్డాయి?"

ఆవిడ చేసేది పులిహోర కిట్. పెద్ద పౌచ్‌లో వేయించిన పల్లీలు, శనగపప్పు, మినపప్పు, ఎండుమిర్చి, కరివేపాకు, నువ్వుల పొడి ఉంటాయి. వాటి మధ్యలో చిన్న సాచెట్, అందులో నూనెలో ఉడికించిన చింతపండు గుజ్జు. కొన్నవాళ్లు వేడి వేడి అన్నంలో రెండూ కలుపుకుంటే చాలు. రుచికి పేరు పెట్టడానికి లేదు. కానీ నెల తిరిగేసరికి పల్లీ పంటి కింద కరకరలాడడం మానేసింది. ఆ సాచెట్‌కు ఫిల్మ్ ఎంచి ఇచ్చింది నేనే. లోపలి గుజ్జు కనబడాలని ఆవిడ అడిగితే, పారదర్శకంగా ఉండే మామూలు పెట్-పాలీ ఫిల్మ్ (పాలిస్టర్ పొరకు పాలిథీన్ పొర అతికించినది) చెప్పాను. కారకుండా ఉంటే చాలనుకున్నాను. తప్పు అక్కడే జరిగింది.

తడి రెండు రకాలుగా ప్రయాణం చేస్తుంది. ఒకటి చుక్కగా. అది కంటికి కనిపిస్తుంది కాబట్టి అందరూ దాని మీదే కాపలా పెడతారు. రెండోది ఆవిరిగా. ఏ చిల్లూ లేని ప్లాస్టిక్ పొరలోంచి కూడా నీటి ఆవిరి అణువు వెంట అణువు దూరి అవతలికి పోతుంది. మూసిన పెద్ద పౌచ్‌లో ఆ ఆవిరి చేరే చోటు ఒక్కటే: పక్కనే ఉన్న పొడి సరుకు. అందుకే ఈ డిజైన్ మొదలుపెట్టాల్సింది తడి సరుకు దగ్గర కాదు, పొడి సరుకు ఎంత తేమను ఓర్చుకోగలదన్న దగ్గర. కింద చెప్పే పద్ధతి అంతా ఆ వరుసలోనే ఉంటుంది. పులిహోరను ఉదాహరణగా తీసుకున్నా, పొడి-నూనె కలిపే ఆవకాయ కిట్‌కైనా, మసాలా-గ్రేవీ కిట్‌కైనా లెక్క ఇదే.

మొదటి అడుగు: పొడి సరుకు ఓర్పు కొలవండి

దీనికి ల్యాబ్ అవసరం లేదు. 0.01 గ్రాము వరకు చూపించే చిన్న కాటా, ఒక పళ్లెం చాలు. అప్పుడే వేయించి చల్లారిన పల్లీలు సరిగ్గా 100 గ్రాములు తూచి, పళ్లెంలో పలుచగా పరచి వంటగదిలో గాలి తగిలేలా వదిలేయండి. వానాకాలమైతే గంటకోసారి, ఎండాకాలమైతే మూడు నాలుగు గంటలకోసారి తూచండి. తూచిన ప్రతిసారీ రెండు గింజలు నమిలి చూడండి. తిన్న గింజల బరువు లెక్కలోంచి తీసేయడం మర్చిపోకండి. కరకర తగ్గిందని నాలుకకు తెలిసిన క్షణంలో బరువు ఎంత పెరిగిందో రాసుకోండి. పప్పులకూ, నువ్వుల పొడికీ విడివిడిగా ఇలాగే చేయండి. అన్నిటికంటే ముందు ఏది ఓడిపోతుందో దాని అంకెనే పట్టుకోవాలి.

మా కిట్‌లో ముందు ఓడింది పల్లీయే. 100 గ్రాములకు రెండున్నర గ్రాముల తేమ ఎక్కేసరికి కరకర పోయింది. కిట్‌లో పొడి సరుకంతా కలిపి 40 గ్రాములు. అంటే మొత్తం మీద 1 గ్రాము నీరు చేరితే కిట్ పని అయిపోయినట్టే. ఒక గ్రాము అంటే ఇరవై చుక్కలు. ఆరు నెలల్లో, 180 రోజుల్లో, ఆ ఇరవై చుక్కలకు మించి పొడి వైపుకు రాకూడదు. ఇదే మన డిజైన్‌కు హద్దు.

తడి సరుకు గురించి రెండు అంకెలు తెలిసి ఉండాలి. ఒకటి పీహెచ్, అంటే పులుపు కొలత; పులుపు పెరిగేకొద్దీ ఈ అంకె తగ్గుతుంది. అది 4.6కు తక్కువ ఉంటే బోటులినమ్ అనే ప్రాణాంతక విషాన్ని పుట్టించే బ్యాక్టీరియా పెరగలేదు. చింతపండు గుజ్జు పుల్లదనం వల్ల సాధారణంగా ఆ గీతకు బాగా కిందే ఉంటుంది, అయినా ప్రతి వంటకూ మీటరుతో కొలవాలి. రెండోది వాటర్ యాక్టివిటీ, అంటే సరుకులో విడిగా తిరగగలిగే నీరు ఎంతుందో చెప్పే కొలత. స్వచ్ఛమైన నీటికి అది 1. 0.6 కింద ఏ సూక్ష్మజీవీ పెరగదు. అక్క చేసిన గుజ్జులో అది 0.8 దగ్గర ఉంది. పల్లీల్లో 0.3 దగ్గర. నీరు ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటికి పోతుంది. 0.8కీ 0.3కీ మధ్య ఉన్న ఆ తేడాయే తేమను నెట్టే బలం. ఉప్పు పెంచి గుజ్జును ఇంకాస్త దగ్గరపడేదాకా ఉడికిస్తే ఆ బలం తగ్గుతుంది. సగం ప్యాకేజింగ్ సమస్య మూకుడులోనే తీరుతుందని నేను నమ్ముతాను.

రెండో అడుగు: రూపం ఎంచుకోండి

తడినీ పొడినీ విడిగా ఉంచడానికి మూడు దారులున్నాయి.

పెద్ద పౌచ్‌లో చిన్న సాచెట్ వేయడం అన్నిటికంటే తేలిక. ఉన్న మెషీన్లతోనే అయిపోతుంది. సాచెట్ పాడైతే దాన్ని ఒక్కదాన్నే పారేయొచ్చు. లోపమల్లా, తడి సరుకు పొడి సరుకు ఇంట్లోనే కాపురం ఉంటుంది, రెండిటి మధ్య గోడ సాచెట్ ఫిల్మ్ ఒక్కటే.

రెండో దారి జంట పౌచ్. ఒకే ఫిల్మ్‌లో రెండు గదులు, మధ్యలో ఊడని గట్టి సీలు, రెండు వైపులా చింపుకోవడానికి విడివిడి నాచ్‌లు (చిన్న గాట్లు). మూడోది నొక్కితే మధ్య సీలు విడిపోయి లోపలే రెండూ కలిసిపోయే పౌచ్. ఆసుపత్రుల్లో నరం ద్వారా పోషకాహారం ఎక్కించడానికి వాడే రెండు మూడు గదుల సంచులు ఈ పద్ధతివే. గ్లూకోజు, అమైనో ఆమ్లాలు, కొవ్వు ద్రవం విడివిడి గదుల్లో ఉంటాయి, నర్సు సంచిని చుట్టి నొక్కితే మధ్య సీళ్లు విడిపోతాయి.

నా దగ్గరికి వచ్చే చాలామంది ఈ మూడోదే కావాలంటారు, చూడ్డానికి బాగుంటుందని. పులిహోర అన్నంలో కలిపేది. పౌచ్ లోపల కలపాల్సిన పనేముంది? గిన్నె అందుబాటులో లేనివాళ్లకు, రైల్లోనో కొండ మీదో ఉన్నవాళ్లకు అమ్మేటప్పుడు, లేదా గాలి తగలకుండా కలపాల్సిన సరుకైనప్పుడు మాత్రమే దాని జోలికి వెళ్లండి. లేకపోతే డబ్బూ దండగ, తలనొప్పీ మిగులుతుంది.

మూడో అడుగు: ఫిల్మ్ లెక్క వేయండి

ఫిల్మ్ అమ్మేవాళ్లను తేమ ప్రసార రేటు అడగండి. ఒక చదరపు మీటరు ఫిల్మ్‌లోంచి ఒక రోజులో ఎన్ని గ్రాముల ఆవిరి దాటుతుందో అది చెబుతుంది. మామూలుగా 38 డిగ్రీల వేడి, 90 శాతం తేమ దగ్గర కొలుస్తారు. ఏఎస్‌టీఎం ఎఫ్ 1249 అనే ప్రామాణిక పరీక్షా పద్ధతిలో కొలిచిన రిపోర్టు ఉంటే అడిగి తీసుకోండి. నోటిమాట మీద కొనకండి.

ఇప్పుడు అక్క సాచెట్ లెక్క చూద్దాం. సాచెట్ 8 సెంటీమీటర్లు, 10 సెంటీమీటర్లు. రెండు వైపులా కలిపి 160 చదరపు సెంటీమీటర్లు, అంటే 0.016 చదరపు మీటరు. 12 మైక్రాన్ల పెట్, 50 మైక్రాన్ల పాలీ కలిపిన పారదర్శక ఫిల్మ్ తేమ ప్రసార రేటు సుమారు 6 గ్రాములు. ఆరును 0.016తో గుణిస్తే రోజుకు దాదాపు 0.1 గ్రాము. మన హద్దు 1 గ్రాము. పది రోజుల్లో అయిపోయింది! నిజానికి మన ఇళ్లలో వేడి ఏడాది పొడవునా అంత ఉండదు, రెండు సరుకుల మధ్య తేడా కూడా టెస్టులో ఉన్నంత ఉండదు కాబట్టి దీన్ని రెండింతలో మూడింతలో చేసుకోండి. ఇరవై నుంచి ముప్పై రోజులు. అక్క ఫోన్ వచ్చింది సరిగ్గా అప్పుడే.

అదే పెట్ బదులు అల్యూమినియం పూత పట్టించిన మెటలైజ్డ్ పెట్ వాడితే రేటు 0.8 చుట్టూ ఉంటుంది. రోజుకు 0.013 గ్రాము. అదే సడలింపు ఇస్తే ఐదు నుంచి ఏడెనిమిది నెలలు వస్తుంది గానీ అంచు మీద నిలబడ్డట్టే. మధ్యలో 9 మైక్రాన్ల అల్యూమినియం ఫాయిల్ పెడితే, ముడతల్లో పడే సన్నని చిల్లులను కూడా కలుపుకుని 0.05 అనుకున్నా, రోజుకు 0.0008 గ్రాము. ఏడాది గడిచినా మూడో వంతు గ్రాము దాటదు. గుజ్జు కనబడదు, నిజమే. దాని బదులు పెద్ద పౌచ్ మీద మంచి ఫోటో వేయొచ్చు.

ఇక్కడో సంగతి. చాలామంది పెద్ద పౌచ్‌కు ఖరీదైన ఫాయిల్ పెట్టి, లోపలి సాచెట్‌కు చవక ఫిల్మ్ వాడతారు. దాంతో బయటి తేమ రాదు, లోపలిది బయటికి పోదు. సాచెట్ వదిలిన ఆవిరి అంతా పల్లీల్లోకే. డబ్బు పెట్టాల్సింది ముందు సాచెట్ మీద. అలాగని బయటి పౌచ్‌ను వదిలేయమని కాదు. వేయించిన పల్లీకి తేమ తర్వాత పెద్ద శత్రువు ఆక్సిజన్, నూనె కంపు కొట్టేది దానివల్లే. బయటిదానికి కనీసం మెటలైజ్డ్ ఫిల్మ్ ఉండాలి.

జంట పౌచ్ చేసేవాళ్లు మధ్య సీలు గుండా ఆవిరి పోతుందేమోనని భయపడతారు. లెక్క వేస్తే ఆ భయం పోతుంది. 15 సెంటీమీటర్ల పొడవు, 10 మిల్లీమీటర్ల వెడల్పు సీలు అనుకోండి. ఆవిరి పోవడానికి ఉన్న సందు రెండు ఫాయిళ్ల మధ్య పాలీ మందం, 0.12 మిల్లీమీటరు. పోవాల్సిన దూరం 10 మిల్లీమీటర్లు. ఏళ్లు గడిచినా అటు దాటేది మిల్లీగ్రాము లోపే. సీలు సరిగ్గా ఉంటే గోడ గట్టిదే. చెడగొట్టేది సీలులో ఇరుక్కున్న నువ్వుగింజ, నూనె మరక, ఒక్క ముడత.

నాలుగో అడుగు: తడి సరుకు వైపు పొరలు

గుజ్జులో పులుపు, ఉప్పు, నూనె, కారం, ఇంగువ అన్నీ ఉంటాయి. ఫిల్మ్‌కు ఇంతకన్నా కఠినమైన పరీక్ష లేదు. కారం, ఇంగువ, నూనె మెల్లగా లోపలి పాలీ పొరలోకి చొచ్చుకుపోయి, దాని వెనకున్న జిగురును మెత్తబరుస్తాయి. ఆమ్లం, ఉప్పు ఫాయిల్‌ను తినడం మొదలుపెడతాయి. రెండు నెలల తర్వాత సాచెట్ అంచు గిల్లితే పొరలు ఉల్లిపొరల్లా విడిపోతాయి. ఊరగాయ ప్యాకింగ్ చేసేవాళ్లందరికీ తెలిసిన బాధే ఇది.

అందుకని కన్వర్టర్‌కు (పొరలు అతికించి ఫిల్మ్, పౌచ్‌లు చేసి ఇచ్చేవాళ్లకు) ఆర్డర్ ఇచ్చేటప్పుడు "లోపల ఊరగాయలాంటి సరుకు, ఆమ్లం, నూనె, కారం ఉన్నది" అని కాగితం మీద రాసి ఇవ్వండి. కఠినమైన సరుకుకు సరిపోయే జిగురు వాడమని అడగండి. బయటి నుంచి లోపలికి నేను వాడే వరుస: లోపలి ముఖాన ముద్రణ ఉన్న 12 మైక్రాన్ల పెట్, 9 మైక్రాన్ల ఫాయిల్, 15 మైక్రాన్ల నైలాన్, చివర 60 నుంచి 75 మైక్రాన్ల పాలీ. నైలాన్ ఎందుకంటే, ఎండుమిర్చి తొడిమ గుచ్చుకున్నా, లారీలో కుదుపులకు మడత పడ్డా అది తట్టుకుంటుంది, ఫాయిల్‌ను కాపాడుతుంది. పాలీలో మెటలోసీన్ రకం ఎల్‌ఎల్‌డీపీఈ (ఒక రకం పాలిథీన్) ఉంటే సీలు దగ్గర కాస్త నూనె మరక ఉన్నా పట్టేస్తుంది. ల్యామినేషన్, అంటే పొరలు అతికించడం, అయ్యాక జిగురు పూర్తిగా గట్టిపడేదాకా రోల్‌ను వెచ్చని గదిలో ఉంచాలి. తొందరపడి మర్నాడే పౌచ్‌లు కోసి ఇమ్మనడం మన చేతులారా చేసుకునే నష్టం.

ఐదో అడుగు: సీళ్లు, కొలతలు

సాచెట్ చుట్టూ సీలు 8 మిల్లీమీటర్లకు తగ్గకండి. పెద్ద పౌచ్‌కు 10. లోపలి మూలలు సూటిగా కాకుండా గుండ్రంగా తిరిగేలా చూడండి, నొక్కినప్పుడు బలం అంతా మూలలోనే పడి చీలిపోకుండా. సాచెట్ బయటి మూలలు కూడా గుండ్రంగా కోయించండి, లేకపోతే ఆ కొనలే పెద్ద పౌచ్‌ను లోపల్నుంచి పొడుస్తాయి. నాచ్ సీలు లోపలే ఉండాలి, సరుకున్న గదిని తాకకూడదు.

సీలు గట్టిదనం వేడి, ఒత్తిడి, సమయం మీద ఆధారపడుతుంది. ఈ మూడింట్లో ఒకసారికి ఒకటే మార్చండి. 15 మిల్లీమీటర్ల వెడల్పు ముక్క కోసి, ఏఎస్‌టీఎం ఎఫ్ 88 పద్ధతిలో లాగి చూస్తే చుట్టు సీలు 30 న్యూటన్లకు పైగా ఉండాలని నేను పట్టుబడతాను.

నొక్కి కలిపే పౌచ్ చేస్తేనే తర్వాతి మాటలు మీకు పనికొస్తాయి. దానికి లోపలి పొర వేరే రకం ఉండాలి. పాలీలో పాలీబ్యూటీన్ లాంటిది కలిపిన, లాగితే ఊడివచ్చే పీల్ ఫిల్మ్ అన్నమాట. తక్కువ వేడిలో సీలు వేస్తే ఊడుతుంది, ఎక్కువ వేడిలో వేస్తే ఊడదు. మీ ఫిల్మ్‌కు ఆ వేడి ఎంతో 5 డిగ్రీల మెట్లతో సీలు వేసి, ప్రతి ముక్కనూ లాగి, గ్రాఫు గీసుకోండి. మధ్య సీలును ఆ గ్రాఫు చదునుగా ఉన్న చోట పెట్టాలి, ఏటవాలుగా ఎక్కే చోట కాదు. ఏటవాలులో పెడితే సీలు వేసే జా (వేడి పట్టె) రెండు డిగ్రీలు అటూ ఇటూ అయినా ఒక పౌచ్ లారీలోనే విడిపోతుంది, ఇంకో పౌచ్ ఎంత నొక్కినా విడిపోదు. మధ్య సీలును గీతలా కాకుండా మధ్యలో కొన ఉండేలా బాణం ఆకారంలో వేయించండి. ఒత్తిడి ఆ కొన మీదే పడి మొదట అక్కడే తెరుచుకుంటుంది. "ఇక్కడ నొక్కండి" అన్న బొమ్మ తడి గది మీదే వేయండి. ద్రవం ఒత్తిడిని అన్ని వైపులకూ పంచుతుంది, పొడిని నొక్కితే మన వేలు కిందే ఆగిపోతుంది. రవాణాలో పౌచ్‌ను మధ్య సీలు వెంట మడిచి పెట్టెలో పెడితే ద్రవం ఒత్తిడి సీలు మీదికి రాదు.

ఆరో అడుగు: నింపే వరుస

గుజ్జును 85 డిగ్రీల వేడి మీద నింపి, వెంటనే సీలు వేసి, సాచెట్‌ను రెండు మూడు నిమిషాలు తిరగేసి ఉంచి, ఆ తర్వాత చల్లటి నీళ్లలో దించడం నేను పాటించే పద్ధతి. బూజు, ఈస్టు పులుపులో కూడా పెరగగలవు, వాటిని అణిచేది ఈ వేడే. తర్వాత సాచెట్‌ను కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. పైకి ఆరినట్టు కనిపించినా సీలు అంచుల మడతల్లో నీటి చుక్క దాక్కుంటుంది. మనం ఒక్క గ్రాము కోసం ఇంత లెక్క వేశాం, ఆ చుక్కలు నాలుగైదు పౌచ్‌లోకి పోతే హద్దులో నాలుగో వంతు మొదటి రోజే ఖర్చయిపోతుంది. మెత్తని గుడ్డతో తుడిచి, ఫ్యాను కింద రాత్రంతా ఉంచండి.

జంట పౌచ్‌లో కూడా ముందు తడి గదే. నింపి, సీలు వేసి, చల్లార్చి, తుడిచి, తిరగేసి, అప్పుడు పొడి గది. వేడి గుజ్జు పక్కన పల్లీలు పోస్తే వేడికీ ఆవిరికీ అవే ముందు బలి. పల్లీలు కూడా పూర్తిగా చల్లారాలి, కానీ చల్లారాక డబ్బా మూత తీసి పెట్టొద్దు. నువ్వుల పొడి సీలు దగ్గరికి చేరకుండా పొడవాటి గరాటు వాడండి. దాని మూతి సీలు గీతకు కిందిదాకా దిగాలి.

ఏడో అడుగు: పరీక్షలు

పులిహోర గుజ్జులో పసుపు ఉండడం మన అదృష్టం. యాభై సాచెట్లను తెల్లటి టిష్యూ కాగితాల మధ్య పేర్చి, పైన 5 కిలోల బరువు పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున ఎక్కడైనా పసుపు మచ్చ కనబడితే ఆ సాచెట్ సీలును లైటు ముందు పెట్టి చూడండి. సన్నని దారంలా ఒక గీత లోపల్నుంచి బయటికి పోతూ కనిపిస్తుంది. మొదటిసారి మేం చూసినప్పుడు ఆ గీత చివర కరివేపాకు ఈనె ముక్క ఒకటి ఇరుక్కుని ఉంది. అప్పట్నుంచి అక్క గుజ్జులో వేసే కరివేపాకును కూడా తీసేసి పొడి వైపుకే మార్చారు.

ఆవిరికి వేరే పరీక్ష. సీలు వేసిన సాచెట్లు పది తీసుకుని, ఒక్కొక్కటి తూచి రాసుకుని, గట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలో సిలికా జెల్‌తో పాటు పెట్టండి. వారానికోసారి తూచండి, జెల్ రంగు మారితే వేడిచేసి మళ్లీ వాడండి. నాలుగు వారాల్లో పది సాచెట్లూ కలిపి 2.8 గ్రాములు తగ్గాయనుకోండి. ఒక్కోటి రోజుకు 0.01 గ్రాము. మీ హద్దు 1 గ్రాము అయితే వంద రోజులు. ఏ సర్టిఫికెట్టూ ఇంత సూటిగా చెప్పదు, ఎందుకంటే ఇందులో మీ ఫిల్మ్, మీ సీలు, మీ గుజ్జు అన్నీ ఉన్నాయి.

అమెరికాలో ఉన్న పిల్లలకు పార్సిల్ పంపేవాళ్లు కొనే సరుకు ఇది. విమానంలో గాలి ఒత్తిడి నేల మీది దాంట్లో ముప్పావు దాకా పడిపోతుంది, పౌచ్‌లో మిగిలిన గాలి అప్పుడు మూడో వంతు ఉబ్బుతుంది. సాచెట్‌లో గాలి దాదాపు లేకుండా, పెద్ద పౌచ్‌లో కొద్దిగా మాత్రమే ఉంచండి. వాక్యూమ్ డబ్బాలో నీళ్లు పోసి, పౌచ్ ముంచి, గాలి లాగితే బుడగలు ఎక్కడ వస్తాయో చూడొచ్చు. అరకు ఘాట్ రోడ్డెక్కే సరుకుకు కూడా ఇదే జాగ్రత్త, తీవ్రత కాస్త తక్కువ.

ఎనిమిదో అడుగు: కాగితాలు

ఫిల్మ్‌కు కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 ప్యాకేజింగ్ నిబంధనలు వర్తిస్తాయి. ప్లాస్టిక్‌లోంచి ఆహారంలోకి దిగే పదార్థాలు కిలోకు 60 మిల్లీగ్రాములు, లేదా చదరపు డెసీమీటరుకు 10 మిల్లీగ్రాములు దాటకూడదు. ఐఎస్ 9845 అనే భారతీయ ప్రమాణం ప్రకారం చేసిన ఆ రిపోర్టు కన్వర్టర్ దగ్గర అడిగి తీసుకోండి. లేబుల్ 2020 నిబంధనల ప్రకారం ఉండాలి, పల్లీలు ఉన్నాయన్న అలర్జీ హెచ్చరిక అందులో తప్పనిసరి. గడువు తేదీ వేసేటప్పుడు తడి, పొడి రెండింట్లో ముందు పాడయ్యేదాని తేదీయే మొత్తానికి వేయాలి. ఫాయిల్ ఉన్న బహుళ పొరల ప్యాకింగ్ ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనల్లో మూడో కేటగిరీలోకి వస్తుంది, దాన్ని తిరిగి వాడకంలోకి తేవడం కష్టం. అది నాకూ బాధగానే ఉంటుంది. మీ ఊళ్లోనే రెండు వారాల్లో అమ్ముడుపోయే సరుకైతే ఫాయిల్ వదిలేసి, మొత్తం పాలీ జాతి పొరలతో చేసిన ఫిల్మ్ వాడండి. లెక్క వేసి చూస్తే చాలాచోట్ల సరిపోతుంది.

మొదటిసారే రంగురంగుల ముద్రణకు సిలిండర్లు చేయించకండి. ముద్రణ లేని ఫాయిల్ పౌచ్‌లు కొని, స్టిక్కర్ వేసి ఒక సీజన్ అమ్మండి. కొలత మారినా, నాచ్ జరిగినా నష్టం స్టిక్కర్‌తోనే పోతుంది.

ప్రతి వంట నుంచి పన్నెండు కిట్లు పక్కన పెట్టి, నెలకు రెండు చొప్పున తెరవండి. అక్క ఇప్పుడు వాటిని అటక మీద, రేకుల కప్పుకు దగ్గరగా, ఇంట్లో అన్నిటికన్నా వేడి తగిలే చోట పెడుతున్నారు. మొన్న ఆరో నెల కిట్ తెరిచి నాకు ఫోన్ చేశారు. ఏమీ మాట్లాడకుండా ఫోన్ దవడ దగ్గర పెట్టుకుని ఒక పల్లీ కొరికారు. కరకర స్పష్టంగా వినబడింది.